సమాధానం: లేదు

సోమవారం

గాలిదుమ్ము తగ్గలేదు. సూర్యపలకలు తుడిచి, లోపలికొచ్చి ముసుగు తీసేలోపే వాటిమీద మళ్ళీ ఎర్రటి పొర పేరుకుంది. అంగారకుడి మీద దుమ్ము తుడవడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. అయినా రేపు మళ్ళీ తుడుస్తాను. లోపల కూర్చోవడం అంతకంటే కష్టం.

నేను పనిచేసే చోటికి కబురు గది అని పేరేగానీ కబుర్లేమీ లేవు. ఒక కుర్చీ, ఒక మైకు, గోడకు ఒక పెట్టె. పైన గోపురం నుంచి టిక్కు టిక్కుమంటూ పిలుపు పోతూ ఉంటుంది. బయటికి వెళ్ళిన బండ్లవాళ్ళు దాన్ని చెవిలో పెట్టుకుని, ఎటు గట్టిగా వినిపిస్తే అటు తోలుకుంటూ ఇంటికొస్తారు. ఇక్కడ దిక్సూచి పనిచెయ్యదు. పైన తిరిగే ఉపగ్రహం పోయినేడు చెడిపోయింది. ఈ దుమ్ములో చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. పిలుపు ఒక్కటే దారి.

ఉత్తరాన మంచుగనికి వెళ్ళిన రెండు బండ్లు ఇంకా రాలేదు. వాటిలో ఐదుగురున్నారు. ఒకడు నా తమ్ముడు కేదార్. బండిలో తిండికీ గాలికీ ఇంకొన్నాళ్ళు లోటు లేదని అందరూ నాకు చెబుతున్నారు, అదేదో నాకు తెలియనట్టు.

గంట గంటకూ మైకు దగ్గర అదే మాట. "ఎర్రమిట్ట కబురు గది పిలుస్తోంది. మంచుబండ్లు, వినబడుతోందా? ఓవర్." అని మీట వదిలి, ఆగాలి. ఈ ఆగడమే నాకు చేతకాదు. భూమ్మీద నాలుగు ఊళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారి, ఎక్కడా కాలు నిలవక చివరికి గ్రహమే మారినదాన్ని. వెనకే నా తోక పట్టుకుని కేదార్ కూడా వచ్చాడు. "అక్కా, నువ్వు లేని ఊళ్ళో నేనేం చేస్తా" అన్నాడు. రావద్దని గట్టిగా చెప్పలేదు నేను.

చిట్టా చివర గడి నింపాలి.

సమాధానం: లేదు.

బుధవారం

ఈ ఊరిని నడిపే యంత్రానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు కరణం. గాలి, నీళ్ళు, వేడి, ఎవరికెంత అన్నది దాని చేతిలోనే ఉంటుంది. మేం కాపురముండే ఐదు పెద్ద గొట్టాల్లోనూ దాని చెవులున్నాయి. గోడ ఎక్కడైనా చీలి గాలి కారితే ఆ చప్పుడు పట్టడానికి పెట్టారట, కానీ మన మాటలన్నీ కూడా వింటుంది. పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది.

ఈవేళ పొద్దున్నే చెప్పింది. "వకుళ గారూ, నిల్వ ఉన్న కరెంటు తగ్గుతోంది. గోపురానికి పోయే కరెంటుతో ఒక గొట్టం మొత్తం వెచ్చగా ఉంచవచ్చు. ఆదివారం సాయంత్రంలోగా బండ్ల నుంచి సమాధానం రాకపోతే పిలుపు ఆపవలసి ఉంటుంది."

"పిలుపు ఆపితే వాళ్ళెలా వస్తారు?"

"వచ్చే అవకాశం ఇప్పటికే చాలా తక్కువ."

తిట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. కరణం తిట్లకు నొచ్చుకోదు, అదే దాంతో వచ్చిన చిక్కు.

అప్పుడే సువార్తమ్మ జావ గిన్నెతో వచ్చింది. ఉమ్మడి వంటగదిలో వండే మనిషి. ఆమె కొడుకు తిమోతి రెండో బండి తోలుతాడు. తొలి నలభై కుటుంబాలతో ఒంగోలు పక్కనుంచి వచ్చిన వాళ్ళు. రెండో గొట్టం చివర ఉన్న మందిరంలో పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి మోకాళ్ళేస్తుంది.

"యంత్రాన్ని తిడితే ఏమొచ్చిద్ది అమ్మాయ్? కూసో. కడుపులో ఇంత పొయ్యి."

"ఆకలి లేదు."

"నాకూ లేదు. నేను తాగలా? శుక్రవారం ఉపవాస కూటానికి రా. నలుగుర్లో కూసుంటే ప్రాణం కుదటపడిద్ది."

"నీళ్ళే కొలిచి తాగుతున్న చోట కొత్తగా ఉపవాసమెందుకండీ?" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వుతుందని అనుకోలేదు. జావ తాగేశాను.

సమాధానం: లేదు.

శుక్రవారం

వెళ్ళాను. భక్తి పుట్టి కాదు, కబురు గదిలో గోడలు మీద పడుతున్నట్టుండి వెళ్ళాను. జ్ఞానరత్నం అయ్యగారు ఈ మందిరానికి పాదిరి. పగలంతా నీటి గొట్టాలకు మరమ్మతులు చేస్తారు, ఆ గోళ్ళలో గ్రీజుతోనే ప్రార్థన చేస్తారు. "వందనాలమ్మా" అని చాప చూపించారు. పాటలు పాడారు. చప్పట్లకు గొట్టం అదిరింది. నేను ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సాక్ష్యాలు. ఒక్కొక్కరూ లేచి, ఆ వారం తమకు దేవుడు చేసిన మేలు చెబుతారు. సువార్తమ్మ లేచి, చెంగు తలమీదికి లాక్కుంది.

"నా బిడ్డ తిమోతి కోసం వారం నించీ మోకాళ్ళ మీద ఉన్నా. ఇయ్యాల తెల్లారుజామున నాకు సమాధానం వచ్చింది."

అందరూ స్తోత్రం అన్నారు. నేను మాత్రం లేచి నిలబడ్డాను. చాపలు తొక్కుకుంటూ వెళ్ళి ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాను.

"ఏ బండి నుంచి? ఎవరు మాట్లాడారు? కేదార్ ఉన్నాడా? నాకు చెప్పకుండా ఇక్కడెందుకు కూర్చున్నారు?"

ఆమె కాసేపు నా ముఖం చూసి, అప్పుడు అర్థమై, నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో తల్లీ. ఆ సమాధానం కాదే. బండి నించి కాదు. మా మాటల్లో సమాధానమంటే గుండె నిమ్మళించడం. కూటం అయ్యాక మీకు సమాధానం కలగాలి అనుకుంటాం చూడు, అదీ. వాడు బతికున్నాడని ఆయన చెప్పలా నాకు. నువ్వు ఒంటరిదానివి కాదు అన్నాడు, అంతే. ఆ దడ తగ్గింది."

అంత కోపం నాకెప్పుడూ రాలేదు. "ఆ మాటకు ఇంకేదైనా పేరు పెట్టుకోండి! జవాబు కోసం చస్తున్న మనిషి ముందు ఆ మాట అనకండి!" అని అరిచి వచ్చేశాను. మందిరంలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఒకరైనా తిరిగి కసిరితే బాగుండేది.

సమాధానం: లేదు. ఏ రకమైనదీ లేదు.

శనివారం

పొద్దున కరణం అన్న మాట యథాతథంగా రాస్తున్నాను. "శుభవార్త, వకుళ గారూ. తిమోతి తల్లి సువార్తమ్మ గారికి శుక్రవారం తెల్లవారుజామున సమాధానం వచ్చినట్టు మందిరంలో విన్నాను. కాబట్టి రేపటి గడువు రద్దు చేస్తున్నాను. పిలుపు కొనసాగుతుంది. దయచేసి ధ్రువీకరించండి."

నేను పడ్డ బోల్తాయే కరణమూ పడింది. తర్వాత ఆమె చెప్పిన అర్థం చప్పట్లలో, నా అరుపుల్లో దానికి ఎక్కలేదో ఏమో.

ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. పైన గోపురం టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటూ, దుమ్ములో ఎక్కడో తల ఒక పక్కకు వంచి బండి తోలుతున్న కేదార్‌ని తలుచుకున్నాను. "ధ్రువీకరిస్తున్నాను" అన్నాను.

గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను.

సోమవారం

కరెంటు ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు కదా. కరణం మూడో గొట్టంలో వేడి తగ్గించింది, అక్కడ మనుషులు తక్కువని. ఆ తక్కువ మనుషుల్లో సలోమి ఉంది. పసిబిడ్డ తల్లి. బిడ్డకు ఇంకా పేరు కూడా పెట్టలేదు. తండ్రి కూడా మంచుబండిలోనే ఉన్నాడు, పేరు పెట్టడానికి అతను రావాలట.

ఈవేళ వడపోత గుడ్డలు మార్చడానికి వెళ్తే, సలోమి తన దుప్పట్లన్నీ బిడ్డకు చుట్టి, తను చీర కుచ్చిళ్ళు కాళ్ళకు కప్పుకుని కూర్చుని ఉంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"అక్కా, సమాధానం వచ్చిందంట కదా. ఎవరు మాట్లాడారు? మా ఆయన గొంతు గానీ వినబడిందా?"

"సరిగా వినబడలేదు" అన్నాను. బిడ్డ దగ్గింది. అంత చిన్న ఒంట్లోంచి అంత దగ్గు ఎలా వస్తుందో తెలియదు. అక్కడ నిలవలేకపోయాను. ఐదు గొట్టాలూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను, మళ్ళీ నడిచాను. ఎక్కడ ఆగినా ఆ దగ్గే వినిపిస్తోంది.

మంగళవారం

తన సమాధానం మాట ఎటు దారితీసిందో సువార్తమ్మకు తెలిసిపోయింది. సలోమే చెప్పి ఉంటుంది. తడి చేతులతోనే కబురు గదికి వచ్చి నిలబడింది. నన్ను చూడలేదు. గోడ మీది పెట్టె వైపు తిరిగి చేతులు జోడించింది.

"కరణం గారూ, నేను చెప్పిన సమాధానం మీరనుకున్నది కాదండీ."

"దయచేసి స్పష్టం చేయండి. సమాధానం వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది. గానీ బండి నించి కాదు."

"మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

"ప్రభువు కాడ్నించి."

"ఆ చిరునామా నా దగ్గర లేదు" అంది కరణం. ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

"మీకు పిచ్చా సువార్తమ్మ గారూ? మీ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు!" అన్నాను.

"తెలుసు. మోసింది నేనే గదా." ఇప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సలోమి బిడ్డ ఒంట్లో వెచ్చదనం దొంగిలించి నా బిడ్డకి దారి చూపించనా? వాడొచ్చి, ఎట్లా వచ్చానమ్మా అని అడిగితే ఏం చెప్పను?"

"ముందు రానివ్వండి! వచ్చాక అడగనివ్వండి!"

ఆమె వెళ్తూ వెళ్తూ నా తల మీద చెయ్యి వెయ్యబోయింది. విదిలించుకున్నాను. కరణం మూడో గొట్టానికి వేడి పెంచింది. రేపు సాయంత్రం పిలుపు ఆగిపోతుందని చెప్పింది. నా తప్పుడు ధ్రువీకరణ గురించి ఒక్క మాటా అనలేదు. ఈ గడి పేరు ఈవేళ నేనే మార్చాను, ఇంకెవరూ పొరబడకుండా.

జవాబు: లేదు.

బుధవారం

మధ్యాహ్నం మందిరంలో ఊరంతా పోగయ్యారు. మందిరానికి వచ్చేవాళ్ళు, రానివాళ్ళు అని లేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మొదట జరిగిందంతా నేనే చెప్పాను. కరణానికి అబద్ధం ధ్రువీకరించింది నేనేనని చెప్పాను. సలోమి నన్ను చూసిన చూపు రాయలేను.

తర్వాత సలోమే లేచింది, బిడ్డను భుజాన వేసుకుని.

"నా గది వేడి మొత్తం ఆపెయ్యండి. నేను మందిరంలో పండుకుంటా. ఇంతమంది ఉన్నచోట బిడ్డకి చలేముంటది?"

"నాదీ ఆపెయ్యండి" అన్నారెవరో వెనకనుంచి.

అయ్యగారి ముఖం వెలిగింది. "మహాసభలు గుర్తున్నాయా?" అన్నారు పెద్దవాళ్ళ వైపు తిరిగి. భూమ్మీద వాళ్ళ ఊళ్ళలో ఏటా మూడు రోజుల సభలుండేవట. చాపలు, దిండ్లు, చంటిపిల్లలతో వచ్చి ఒక్క పందిట్లోనే అందరూ తిని, అక్కడే వరసగా పడుకునేవాళ్ళట. సువార్తమ్మ వెంటనే అందుకుంది. "గుర్తులేకేం అయ్యగారూ? ఆ గురకల్లో నిద్రపోయినోళ్ళం, ఈ చలి మనకో లెక్కా? మంచుబండ్లు వచ్చిందాకా మనకి మహాసభలే!"

నేను కరణాన్ని అడిగాను. ఊరంతా ఒక్క మందిరంలో ఉండి, మిగతా గొట్టాలన్నీ ఆపేస్తే పిలుపు నడుస్తుందా?

"నడుస్తుంది" అంది కరణం. "అంతమంది ఉంటే మందిరానికి వేడి దాదాపు అవసరం లేదు. కానీ ఇబ్బందిగా ఉంటుంది."

"మా ఇబ్బంది మేం పడతాం లెండి" అంది సువార్తమ్మ.

సాయంత్రమైంది. టిక్కు టిక్కు ఆగలేదు. గోపురం కింద నిలబడి, ఎవరూ చూడకుండా ఏడ్చాను.

జవాబు: లేదు.

ఆదివారం

మందిరంలో మా కాపురం గురించి రాయాలి. ఒకరి మోచెయ్యి ఇంకొకరి డొక్కలో. ఒకరి కాళ్ళు నా తల దగ్గర. ఉల్లిపాయ వాసన, చంటిపిల్లల వాసన, పాత చాపల వాసన. పొద్దున లేవగానే వందనాలు, అన్నం దగ్గర ప్రార్థన, అంట్లు తోముతూ పాట. నాలాంటిదాన్ని బంధించడానికి కనిపెట్టిన జైలు ఇదేననుకున్నాను మొదట.

సలోమి నాతో మాట్లాడలేదు. నిన్న బిడ్డ ఏడుపు ఆపక, ఎత్తుకుని ఎవరు కూర్చున్నా ఊరుకోక, ఆమె చేతులు పడిపోయి ఉంటే నేనే అడిగాను. కాసేపు చూసి నా చేతికిచ్చింది. కూర్చుంటే ఏడుస్తాడు వీడు. నడుస్తూ ఉండాలి. మందిరం ఆ మూల నుంచి ఈ మూలకు, చాపల మధ్య దారి వెతుక్కుంటూ నడిచాను. నడిచే కొద్దీ ఊరుకున్నాడు. నిలకడలేని నా కాళ్ళకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సరైన పని దొరికింది.

ఇప్పుడు వాడు ఏడిస్తే అందరూ "వకుళక్కకి ఇవ్వండి" అంటున్నారు. సంతోషంగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కేదార్ ఇంకా అక్కడే ఉండగా.

ఈవేళ ఆరాధనలో అయ్యగారు ఐదుగురి పేర్లూ ఒక్కొక్కటిగా చదివారు. కేదార్ పేరు దగ్గర, వాడి ముఖం కూడా సరిగా ఎరగని ముసలాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాడి కోసం ఏడ్చేది ఈ గ్రహమంతటి మీదా నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. పక్కనున్న సువార్తమ్మను చూశాను. ఆమె ముఖంలో ఆ నిమ్మళం అలాగే ఉంది. నాకు ఈర్ష్య కలిగింది. దేవుడి సంగతి నాకు తెలియదు, కానీ అది ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది.

జవాబు: లేదు.

మంగళవారం

జవాబు: అందింది.

పొద్దున గరగరల మధ్య "అక్కా" అని వినిపించింది. మైకు మీద పడిపోయాను.

"కేదార్! వినబడుతోంది. చెప్పు. ఓవర్."

"ముగ్గురం ఉన్నామక్కా. ఒక్క బండి మీద వస్తున్నాం. పిలుపు వినబడుతూనే ఉంది, మా మాట పంపే యంత్రమే చెడింది. ఇవాళే బాగైంది. పిలుపు గనక ఆగిపోయుంటే..." వాడి గొంతు తెగింది. మళ్ళీ వచ్చింది. "తిమోతి అన్న లేడక్కా. సాంబయ్య బాబాయీ లేడు. బండి మంచుగుంటలోకి ఒరిగింది. బాబాయిని లాగడానికి అన్న కిందికి దిగాడు. పైనున్న మంచు కూలింది."

"ఎప్పుడు?"

"గాలిదుమ్ము మొదలైన రోజునే."

సలోమి భర్త ఉన్నాడు. కేదార్ ఉన్నాడు. రెండు రోజుల్లో వస్తారు. కుర్చీలోంచి లేచిన నాకు ఎగిరి గంతెయ్యాలని ఉంది, నేల మీద పడి దొర్లాలని ఉంది. ముందు సాంబయ్య అన్నగారిని వెతికి పట్టుకుని చెప్పాను. తర్వాత మందిరానికి నడిచాను. ఎప్పుడూ ఆగని కాళ్ళు ఈవేళ కదలమన్నా కదల్లేదు.

సువార్తమ్మ బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తి, "జవాబొచ్చిందా?" అంది. సమాధానం అనలేదు, నాకోసం.

"వచ్చింది, పిన్నమ్మా."

నేనెప్పుడూ ఆమెను అలా పిలవలేదు. ఆ పిలుపుతోనే ఆమెకు తెలిసిపోయింది. చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"నీ తమ్ముడు?"

"వస్తున్నాడు."

"దేవునికి స్తోత్రం" అంది. ఆ మాట నిజంగానే అంది. ఆ తర్వాత, "నా బిడ్డ ఎప్పుడు పోయాడమ్మాయ్?" అంది.

చెప్పాను. అబద్ధం చెప్పే శక్తి నాకు లేదు, ఆమె ముందు అసలే లేదు.

"అయితే నేను మోకాళ్ళ మీద ఉన్నప్పటికే వాడు..." గిన్నె పక్కకు నెట్టేసింది. "మరి ఆయన నాకా సమాధానం ఎందుకిచ్చాడే? ఏం చూసుకుని నిమ్మళంగా ఉన్నాన్నేను ఇన్నాళ్ళూ?"

ఆమె అరిచిన అరుపుకు మందిరంలో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపందుకున్నారు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. పొద్దు గూకేదాకా లేవలేదు.

సాయంత్రం కూడిక. అయ్యగారు పాట ఎత్తుకోబోయి ఎత్తుకోలేకపోయారు. సలోమి వచ్చి సువార్తమ్మ ఒళ్ళో తన బిడ్డను పెట్టి, పక్కనే కూర్చుంది. అందరూ ప్రార్థన కోసం సువార్తమ్మ వైపే చూశారు, రోజూ ఆమే మొదలుపెడుతుంది కనుక. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇయ్యాల నాకు సమాధానం లేదు. నోరు రావట్లా." నా చెయ్యి పట్టుకుంది. "నా తరపున నువ్వు చెయ్యమ్మాయ్."

నాకు ప్రార్థన రాదని అందరికీ తెలుసు. రాదని చెబుదామనుకున్నాను. కానీ ఆమె చెయ్యి వదల్లేదు. కళ్ళు మూసుకున్నాను. నాకు వచ్చిన మాటలు కొన్నే ఉన్నాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇన్నాళ్ళూ అన్నవే.

"ఎర్రమిట్ట నుంచి పిలుస్తున్నాం" అన్నాను. "మేమందరం ఇక్కడ ఒక్క గదిలోనే ఉన్నాం. మాలో ఒకావిడకు కొడుకు పోయాడు. ఆవిడ అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు. నీకు వినబడుతోందా? ఓవర్."

అలవాటు కొద్దీ అనేశాను. ఎవరూ నవ్వలేదు. సువార్తమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని, చాలాసేపటికి "ఆమేన్" అంది. మిగతా అందరూ అన్నారు.

తర్వాత, మీట వదిలినట్టుగా, మేమందరం మాట్లాడకుండా ఆగాం. పైన గోపురం టిక్కు టిక్కుమంటూనే ఉంది. నేను కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.